క్రయో రూమ్‌లో మనిషి పడిపోయాడు, నోరు విప్పనా వద్దా?

ఈ వారం ఒక పెద్ద ఉత్తరం వచ్చింది. రాసినామె పేరు, ఊరు, సంస్థ వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకి 26 ఏళ్లు. మైక్రోబయాలజీతో బీఎస్సీ చేసి, కోస్తాలో ఒక టౌన్‌లోని సంతాన సాఫల్య కేంద్రంలో నాలుగేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నారు. జీతం 19 వేలు. తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు కూడా అందులోంచే. పిండాలు, అండాలు, వీర్యం అతి చలిలో దాచే క్యాన్లు మూడో అంతస్తులో ఒక గదిలో ఉంటాయి. దాన్నే క్రయో రూమ్ అంటారు. ఆరు క్యాన్లు, ఒక్కోటి 35 లీటర్లది. ఒకప్పుడు అది పాత ఫైళ్లు పడేసే స్టోర్ రూమ్. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. కిటికీ లేదు. స్ప్లిట్ ఏసీ ఉంది. తలుపు దానంతటదే మూసుకుంటుంది. మంగళవారం, శుక్రవారం సప్లయర్, ఆ చలిని నిలిపే లిక్విడ్ నైట్రోజన్ ఉన్న 55 లీటర్ల క్యాన్ కింద దింపి వెళ్తాడు. దాన్ని ఆమె, అటెండర్ కలిసి లిఫ్టులో పైకి తెచ్చి ఆరు క్యాన్లలో పోస్తారు. ప్రతిసారీ ఆ పెద్ద క్యాన్ దాదాపు ఖాళీ అయిపోతుందట. ఆరింటిలో ఒక క్యాన్ మెడ దగ్గర ఎప్పుడూ చెమట పట్టినట్టు తడిగా ఉంటుందని కూడా రాశారు.

మిగతాది ఆమె మాటల్లోనే:

“మూడు వారాల కిందట బాబాయ్ లోపల పోస్తున్నారు. ఆయన అటెండర్, 56 ఏళ్లు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. రిజిస్టర్ తేవడానికి నేను బయటికి వెళ్లాను. రెండు నిమిషాల్లో తిరిగొస్తే కింద పడి ఉన్నారు. నేల మీద తెల్లటి పొగ. భుజాలు పట్టుకుని కారిడార్‌లోకి లాగేశాను. నాకూ తల తిరిగింది, గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాను. ఆయన నిమిషంలో కళ్లు తెరిచి ‘ఏమైందమ్మా’ అన్నారు. కణత మీద నాలుగు కుట్లు పడ్డాయి. షుగర్ డౌన్ అయిందని మేనేజ్‌మెంట్ తేల్చేసింది. సీనియర్ ఎంబ్రియాలజిస్ట్ (పిండాల పని చూసే నిపుణురాలు) మేడమ్ నన్ను పక్కకి పిలిచి రిజిస్టర్‌లో రాయొద్దన్నారు. నాకు పని నేర్పింది ఆవిడే. నాన్న ఆపరేషన్‌కి డబ్బు సర్దిందీ ఆవిడే. బాబాయ్ కూడా నా చేతులు పట్టుకుని, ‘ఎవరికీ చెప్పకు తల్లీ, ఇంకో రెండేళ్లు లాగిస్తే చిన్నమ్మాయి పెళ్లి అయిపోతుంది’ అన్నారు.”

అప్పటి నుంచి ఆమె స్టూల్ అడ్డం పెట్టి తలుపు తెరిచి ఉంచుతున్నారు. ఏసీ వేస్ట్ అవుతోందని, దుమ్ము వస్తోందని తిట్లు. ఇప్పుడు వచ్చే వారం నుంచి నైట్ డ్యూటీ వేశారు. నైట్‌లో ఒక్కతే నింపాలి. చేతులకి ఇచ్చేది సర్జికల్ గ్లవ్స్. ఆమె అడుగుతున్నవి ఇవి: “నాది అతి భయమా? నేను నింపనంటే, పొలం అమ్ముకుని వచ్చినవాళ్ల పిండాలు పాడైతే ఆ పాపం నాదేనా? కంప్లైంట్ చేస్తే మేడమ్‌కి ద్రోహం చేసినట్టా? మానేయడమే మంచిదా?”

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “నాకూ తల తిరిగింది, గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాను.” మీరు దాన్ని మధ్యలో ఒక చిన్న సంగతిలా రాసి ముందుకు వెళ్లిపోయారు. నాకైతే ఉత్తరం మొత్తంలో అదే పెద్ద సంగతి. షుగర్ డౌన్ అయింది బాబాయ్‌కి అయితే మీకెందుకు తల తిరిగింది?

ఇంకొకటి. షుగర్ పడిపోయి స్పృహ తప్పిన మనిషికి గ్లూకోజ్ ఎక్కించాలి, లేదా కాస్త తెలివి రాగానే నోట్లో పంచదార పెట్టాలి. కారిడార్‌లోకి లాగినంత మాత్రాన నిమిషంలో లేచి “ఏమైందమ్మా” అని అడగడం ఆ జబ్బు తీరు కాదు. చుట్టూ డాక్టర్లున్న చోట పడ్డారు కదా, వేలు గుచ్చి గ్లూకోమీటర్‌లో చూశారా? చూసి ఉంటే అంకె మీరు రాసేవారు. పడిన మనిషి మంచి గాలిలోకి రాగానే లేచాడు, లాగడానికి వెళ్లిన రెండో మనిషికీ కాళ్లు తేలిపోయాయి. ఇది నైట్రోజన్ పని కాదని ఎవరైనా రుజువు చేసేదాకా నైట్రోజన్ పనే అనుకోవాలి. మీది అతి భయం కాదు. ఇంకాస్త ముందే పడాల్సిన భయం.

నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధన ల్యాబ్‌లో పందొమ్మిదేళ్లు ఇలాంటి క్యాన్ల మధ్యే పనిచేశాను. కొత్తగా చేరే పిల్లలందరూ చలికే భయపడేవారు. మైనస్ 196 డిగ్రీలు అనగానే చేతులు వెనక్కి పెట్టుకునేవారు. ఊపిరి సంగతి ఎవరికీ తోచేది కాదు. తోచకపోవడానికి కారణం కూడా ఉంది. నైట్రోజన్ మనకి పరాయిది కాదు, పీల్చే గాలిలో 78 శాతం అదే. వాసన లేదు, రంగు లేదు, గొంతులో గరగర లేదు. పైగా చెరువులో మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు గుండె దడదడలాడి పైకి రావాలనిపిస్తుంది చూడండి, అది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. నైట్రోజన్ నిండిన గదిలో మీరు మామూలుగా గాలి పీలుస్తూ వదులుతూనే ఉంటారు. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది. కాబట్టి శరీరం ఏ గంటా కొట్టదు. ఉక్కిరిబిక్కిరి ఉండదు. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న చోట ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు, కేక కూడా వేయలేడు.

ఆ తెల్లటి పొగ గురించి కూడా చెప్పాలి. చాలామంది పొగ కనిపిస్తే నైట్రోజన్ ఉన్నట్టు, పోగానే గది బాగుపడినట్టు అనుకుంటారు. ఆ పొగ నైట్రోజన్ కాదు, చలికి గాలిలోని తేమ మంచులా మారినది. కాసేపటికి అది కరిగిపోతుంది. నైట్రోజన్ మాత్రం ఎక్కడికీ పోదు, కనిపించకుండా అక్కడే ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపూ గాలికంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. వంగి పోసేవాడి ముఖం ఉండేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు మీ గది లెక్క చూద్దాం. కాగితం తీసుకుని మీరూ వేయండి, తర్వాత పనికొస్తుంది. కప్పు తొమ్మిది అడుగులు అనుకుంటే గది సుమారు 30 ఘనపు మీటర్లు. ఒక లీటరు లిక్విడ్ నైట్రోజన్ ఆవిరైతే 700 లీటర్ల వాయువు అవుతుంది. అంటే పది లీటర్లు ఆవిరైతే ఏడు ఘనపు మీటర్లు. మూసిన గదిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 16కి దిగుతుంది. అది గది సగటు, నేల దగ్గర ఇంకా తక్కువ. ఆక్సిజన్ కొలిచే మీటర్లు 19.5 శాతం దగ్గరే అలారం కొట్టేలా పెడతారు. 16 దగ్గర గుండె వేగం పెరుగుతుంది, ఆలోచన మందగిస్తుంది, పని తప్పుతుంది. 10 దగ్గర స్పృహ పోతుంది. 6 కంటే దిగితే నిమిషాల్లో ప్రాణమే పోతుంది. మీరు తెచ్చే 55 లీటర్ల క్యాన్ ఎప్పుడైనా తలకిందులైతే వచ్చే వాయువు 38 ఘనపు మీటర్లు. గది కంటే ఎక్కువ.

స్ప్లిట్ ఏసీ ఉంది కదా అని మీ మేనేజ్‌మెంట్ ధీమా కావచ్చు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలి ఒక్క చుక్క కూడా లోపలికి తేదు. మన దగ్గర ల్యాబుల్లో, హాస్పిటళ్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే.

ఇక మీరు గమనించకుండానే నాకు రాసిన ఒక విషయం. వారానికి రెండు పెద్ద క్యాన్లు, అంటే 110 లీటర్లు తెప్పిస్తున్నారు. వాక్యూమ్ బాగున్న 35 లీటర్ల నిల్వ క్యాన్ రోజుకి అర లీటరు కూడా తాగదు. రోజూ మూత తీసి పనిచేస్తారు కాబట్టి కొంచెం ఎక్కువ వేసుకున్నా, ఆరు క్యాన్లకి కలిపి వారానికి 30 లీటర్లు చాలు. మరి మిగతా 80 లీటర్లు ఏమవుతున్నాయి? ఆ గదిలోనే ఆవిరవుతున్నాయి. కొంత పోసేటప్పుడు ఒలికి, కొంత ఆ చెమట పట్టే క్యాన్‌లోంచి. క్యాన్ రెండు గోడల మధ్య వాక్యూమ్ పోతే లోపలి చలి బయటికి తగిలి మెడ దగ్గర తేమ చేరుతుంది. మీ కళ్ల ముందున్నది పాడైపోతున్న క్యాన్.

ఇక్కడే మీ రెండో ప్రశ్నకి సమాధానం ఉంది. మీరు ఒక రాత్రి నింపనంటే ఏ పిండానికీ ఏమీ కాదు. బాగున్న క్యాన్ నింపి వదిలేస్తే వారాల తరబడి నిలుస్తుంది. రాత్రి పోయాల్సింది మర్నాడు ఉదయం పోసినా తేడా లేదు. అనుమానమైతే చెక్క స్కేలు క్యాన్‌లోకి దింపి, తీసి, గాలిలో అటూ ఇటూ ఊపి చూడండి. ఎంతవరకు తెల్లగా మంచు పడితే అంతవరకు లిక్విడ్ ఉన్నట్టు. ఈ పనికి గొట్టం మాత్రం ఎప్పుడూ వాడకండి, లిక్విడ్ లోపల మరిగి పైకి చిమ్ముతుంది. పిండాలకి అసలు ప్రమాదం ఆ చెమట క్యాన్‌తోనే. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో నిల్వ ట్యాంక్ వేడెక్కి 4,000కి పైగా అండాలు, పిండాలు పాడయ్యాయి. అదే వారాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకో కేంద్రంలోనూ ట్యాంక్ దెబ్బతింది. పొలం అమ్ముకుని వచ్చినవాళ్ల గురించి మీకున్న దిగులు నిజమైనదే. ఆ దిగులు చూపించి మిమ్మల్ని రాత్రి ఒంటరిగా ఆ గదిలోకి పంపే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

అందుకని మేడమ్ దగ్గరికి వెళ్లదలిస్తే, బాబాయ్ పడిపోవడంతో మొదలుపెట్టకండి. క్యాన్‌తో మొదలుపెట్టండి. పొద్దున కేసులు మొదలుకాకముందు, ఇద్దరే ఉన్నప్పుడు, చేతిలో ఆ లెక్కల కాగితంతో. “మేడమ్, ఆ చెమట పట్టే క్యాన్ వాక్యూమ్ పోయినట్టుంది. అందులో ఉన్నవి వెంటనే మార్చకపోతే ఏదో ఒక రోజు పొద్దునకి ఖాళీగా ఉంటుంది. వారానికి 80 లీటర్లు ఆ గదిలోనే పోతోంది, అందుకే అక్కడ ఊపిరి అందట్లేదు” అని చెప్పండి. ఎంబ్రియాలజిస్ట్‌కి పిండాల భయం కంటే పెద్ద భయం ఉండదు. ఆవిడ కూడా రోజూ ఆ గదిలో ఊపిరి పీల్చే మనిషే. రిజిస్టర్‌లో రాయొద్దన్నది చెడ్డతనంతో అని నేను అనుకోవడం లేదు. యజమానికి, మీకూ మధ్య ఇరుక్కుని, ఆ రోజుకి తోచింది చేసి ఉంటారు. మీ నాన్నగారి ఆపరేషన్‌కి డబ్బు సర్దిన మనిషి, ఆ గదిలో ఇంకెవరైనా పోతే జీవితాంతం మోయాల్సిన బరువేమిటో ఆలోచించండి. ఆ బరువు ఆవిడ మీద పడకుండా చూడటం ద్రోహం కాదు. ఆవిడ చేసిన మేలుకి మీరు తీర్చుకోగలిగిన బాకీ అదే కావచ్చు.

ఈ దారిలో సంబంధం చెడదు, పని త్వరగా జరుగుతుంది. కాకపోతే అంతా నోటి మాటే. ఆవిడ “చూద్దాంలే” అని వదిలేస్తే చెప్పినట్టు రుజువు కూడా మీ దగ్గర మిగలదు. అందుకే ఒక గడువు మనసులో పెట్టుకోండి. పది రోజులు అనుకోండి.

అది దాటితే రాతపూర్వకంగా ఇవ్వాలి. మేనేజ్‌మెంట్‌కి ఒక మెయిల్, మేడమ్‌కి కాపీ. అందులో నింద వద్దు, కథ వద్దు. గది కొలతలు, వారానికి వచ్చే లిక్విడ్, పైన వేసిన లెక్క, కావలసినవి. ఏం అడగాలో మీకు సందేహం లేకుండా చెబుతాను. మొదటిది ఆక్సిజన్ మీటర్. మా తాతల కాలంలో పాడుబడ్డ బావిలోకి దిగేముందు లాంతరు కట్టి దింపేవారు, ఆరిపోతే ఎవరూ దిగేవారు కాదు. ఆక్సిజన్ మీటర్ అంటే ఆ లాంతరే. దాని అంకె గది బయట నుంచి కనిపించాలి, అలారం బయట కూడా మోగాలి. లోపలికి వెళ్లాక తెలిస్తే దేనికి? అందులో సెన్సర్ రెండు మూడేళ్లకి అయిపోతుంది, మార్చే తేదీ దాని మీదే రాయించండి. ఐవీఎఫ్ సెంటర్‌లో ఉండే మిగతా మెషీన్ల ధర ముందు ఇది లెక్కలోకి రాదు. తర్వాత నేల దగ్గర గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్, కొత్త గాలి లోపలికి రావడానికి తలుపు కింద జాలీ, ఫ్యాన్ స్విచ్ గది బయట. తలుపుకి అద్దం. పోసేటప్పుడు ఇద్దరు, ఒకరు లోపల, ఒకరు బయట. ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు.

మెయిల్ పెడితే కొన్నాళ్లు మీతో మాటలు తగ్గుతాయి. “నువ్వు పెద్ద సైంటిస్టువా” అనే మాట కూడా రావచ్చు. టెన్షన్ ఉంటుంది. కానీ ఆ తర్వాత ఏం జరిగినా మాకు తెలియదని ఎవరూ అనలేరు. గది ఫొటోలు తీసుకోవచ్చు. క్యాన్ల మీద పేషెంట్ల పేర్లు, నంబర్లు పడకుండా చూసుకోండి. వాళ్ల వివరాలు బయటికి పోతే తప్పు మీ మీదకి తిరుగుతుంది.

బాబాయ్ విషయం వేరుగా ఆలోచించాలి. చెప్పకమని ఆయన మిమ్మల్ని బతిమాలుకున్నారు, ఆ మాట తీసిపారేయలేం. అందుకే మెయిల్ గది గురించి రాయమంటున్నాను, మనిషి గురించి కాదు. ఆ లెక్క నిలబడటానికి ఆయన పేరు అక్కర్లేదు. కానీ ఆ రోజు ఏం జరిగిందో మీ సొంత నోట్‌బుక్‌లో ఈ రాత్రే రాసి పెట్టుకోండి. తేదీ, టైము, తలుపు మూసి ఉందా, ఎంత పోశారు, మీకు తల తిరిగింది, ఆయన ఎంతసేపట్లో లేచారు. చూసింది మాత్రమే రాయండి, అనుకున్నది వద్దు. ఆయనతోనూ కూర్చుని ఒకసారి మాట్లాడండి. ఆయనకి జరిగింది షుగర్ కాదని మీరు అనుకుంటున్నట్టు ఆయనకి తెలియాలి. తెలియకపోతే మళ్లీ శుక్రవారం అదే గదిలో అలాగే వంగుతారు. జీతంలోంచి ఈఎస్ఐ కట్ అవుతుంటే, పనిలో తగిలిన దెబ్బకి ఆ హక్కులు ఆయనవి. రెండేళ్లు లాగించడానికి కావలసింది మౌనం కాదు, ఆ గదిలో ఫ్యాన్ అని మెల్లగా చెప్పండి.

బయట ఫిర్యాదు మాటకొస్తే, పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకి 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వర్తిస్తుంది. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పని చోట ప్రాణానికో ఒంటికో ముప్పు ఉందని సహేతుకమైన భయం ఉంటే యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కీ తెలియజేసే హక్కు అందులో ఉద్యోగికి ఉంది. లేబర్ ఆఫీసులో అడిగితే మీ ప్రాంతానికి ఎవరో చెబుతారు. ఈ దారి బలమైనదే, కానీ చిన్న టౌన్‌లో పేరు దాచినా క్రయో రూమ్ సంగతి తెలిసినవాళ్లు ఎందరుంటారు? రెండు రోజుల్లో మీరేనని అర్థమైపోతుంది. అందుకే ముందు లోపల రాసి ఇచ్చిన కాగితం ఉంటే, తర్వాత మీ మీద కక్ష సాధించారని చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. ఏమీ రాయకుండా నేరుగా బయటికి వెళ్తే ఆ ఆధారం ఉండదు.

మానేయడం కూడా తప్పు కాదు. ఫీజు కట్టాల్సిన నెలల్లో ఇంకో ఉద్యోగం చేతిలో పెట్టుకుని మానేయండి. నాలుగేళ్లు క్రయో పని తెలిసినవాళ్లకి విజయవాడలో, హైదరాబాద్‌లో సెంటర్లు ఉన్నాయి. ఇంటర్వ్యూలో జీతం అడిగేముందు “మీ క్రయో రూమ్ ఒకసారి చూడొచ్చా” అని అడగండి. గోడ మీద ఆక్సిజన్ మీటర్ లేని చోట చేరకండి. మీరు వెళ్లిపోతే మీ స్థానంలో ఇంకో అమ్మాయి వస్తుంది, బాబాయ్ అక్కడే ఉంటారు. కాబట్టి వెళ్లే రోజైనా ఆ మెయిల్ పెట్టి వెళ్తే మీ మనసుకే మంచిది.

ఈ దారుల్లో ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం, మీ ఇంటి పరిస్థితి నాకంటే మీకే తెలుసు. రెండు విషయాల్లో మాత్రం నేను మీకు వెసులుబాటు ఇవ్వలేను.

ఒకటి, రాత్రి ఒంటరిగా పోయడం. ఆ పని ఒప్పుకోకండి. గొడవగా కాదు, బదులు చూపించి. “ఉదయం ఎనిమిదికి బాబాయ్, నేను కలిసి పోస్తాం, రాత్రి లెవెల్ చూసి రాస్తాను” అనండి. లెవెల్ చూసేటప్పుడు కూడా తలుపు బార్లా తెరిచి, గుమ్మం బయట ఎవరో ఒకరు, నర్సో వాచ్‌మనో, నిలబడి ఉండాలి.

రెండోది చెప్పడం నాకు కష్టం. మళ్లీ ఎవరైనా లోపల పడిపోతే మీరు లోపలికి వెళ్లకూడదు. ఆ రోజు మీరు బాబాయ్‌ని లాగి బతికించారు, నేను కాదనడం లేదు. మీరు కూలబడింది గుమ్మం దగ్గర. రెండడుగులు లోపల కూలబడి ఉంటే ఇద్దరూ లేరు. సెప్టిక్ ట్యాంకులో ఒకరు పడితే తీయడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు పోయిన వార్తలు మన పేపర్లలో ఎన్ని చదివాం! 2017 ఫిబ్రవరిలో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆగస్టాలో ఒక వీర్య నిల్వ కేంద్రంలో నైట్రోజన్ లీకైతే, సాయం చేయడానికి లోపలికి వెళ్లిన పోలీసు అధికారి చనిపోయారు. 2021 జనవరిలో అదే రాష్ట్రంలో గెయిన్స్‌విల్‌లో కోడిమాంసం ప్రాసెస్ చేసే ప్లాంట్‌లో లిక్విడ్ నైట్రోజన్ ఫ్రీజర్ పొంగి ఆరుగురు పోయారు. ముందు ఇద్దరు మెయింటెనెన్స్ కార్మికులు, తర్వాత వాళ్లకేమైందో చూడటానికి, తీసుకురావడానికి వెళ్లిన నలుగురు. అక్కడ ఆక్సిజన్ అలారం లేదు. ముఖానికి చున్నీ కట్టుకున్నా, ఎన్95 పెట్టుకున్నా లాభం లేదు. అక్కడ వడకట్టడానికి విషమేమీ లేదు, లేనిది ఆక్సిజన్. చేయాల్సింది తలుపు బార్లా తెరవడం, బయటి స్విచ్ ఉంటే ఫ్యాన్ వేయడం, కేకలు వేసి మనుషుల్ని పిలవడం, 101కి, 108కి ఫోన్ చేసి నైట్రోజన్ అని స్పష్టంగా చెప్పడం. ఫైర్ సిబ్బంది దగ్గర వీపుకి తగిలించుకునే గాలి సిలిండర్లు ఉంటాయి. అంత ఓపిక ఆ నిమిషంలో ఎవరికి ఉంటుందని అడుగుతారు. నిజమే, ఉండదు. అందుకే ఈ మాట బాబాయ్‌తో, వాచ్‌మన్‌తో, నర్సులతో ఇప్పుడే మాట్లాడి ఉంచాలి.

చేతుల సంగతి చివరికి నెట్టేశాను. సర్జికల్ గ్లవ్స్ ఈ చలికి గట్టిపడి చిట్లిపోతాయి. కావలసింది వదులుగా ఉండే క్రయో గ్లవ్స్. లోపల లిక్విడ్ పడితే ఒక్క విదిలింపుతో ఊడిపోవాలి. వాటితోనైనా చేతిని లిక్విడ్‌లో ముంచకూడదు. ముఖం మొత్తానికి షీల్డ్, ఎందుకంటే వెచ్చటి క్యాన్‌లో మొదటి గ్లాసెడు పోయగానే అది మరిగి పైకి ఎగురుతుంది. ఉంగరాలు, గాజులు, వాచ్ తీసేయండి. చుడీదార్ అంచు బూటు మీదకి జారాలి, లోపలికి దోపకూడదు. నా ఎడమ పాదం మీద ఇప్పటికీ రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ ఉంది. చేరిన మొదటి ఏడాది ప్యాంటు మేజోడులోకి దోపుకుని పోస్తుంటే ఒక గుక్కెడు జారి మేజోడులో చిక్కుకుంది. ఒంటి మీద చుక్క పడితే నీటిబొట్టులా దొర్లిపోతుంది, గుడ్డలో చిక్కితే మాత్రం అంటుకుని కాలుస్తుంది. మేజోడు లాగితే చర్మం కూడా వస్తుందేమోనని కాలు గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాను. అదే సరైన పని అని తర్వాత తెలిసింది. 40 డిగ్రీలు దాటని నీళ్లు, రుద్దకూడదు, వేడి చూపించకూడదు, టూత్‌పేస్టులు, ఇంకులు పూయకూడదు, డాక్టర్‌కి చూపించాలి. ఇంకో మాట, నిల్వ క్యాన్‌కి దాని వదులు మూత తప్ప వేరే ఏ బిరడా గట్టిగా బిగించకండి. లోపల ఆవిరికి దారి లేకపోతే క్యాన్ పేలుతుంది.

మీ ఊళ్లో పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి వెనక చిన్న క్యాన్ కట్టుకుని తిరగడం చూసే ఉంటారు. అందులో ఉండేదీ ఇదే లిక్విడ్. ఆరుబయట ఆయనకి ఏమీ కాదు. అదే క్యాన్ అద్దాలు ఎత్తిన కారులో పెట్టుకుంటే ప్రమాదం. మీరు అంతకు ఎన్నో రెట్లు పెద్దది లిఫ్టులో పక్కన పెట్టుకుని నిలబడుతున్నారు. రెండు అంతస్తుల మధ్య కరెంటు పోతే?

మంగళవారం క్యాన్ వస్తుంది కదా. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ లేదు. క్యాన్‌ని లిఫ్టులో ఒంటరిగా పంపండి. అట్టముక్క మీద “నైట్రోజన్, ఎవరూ ఎక్కవద్దు” అని పెద్ద అక్షరాలతో రాసి దాని మెడకి కట్టండి. మధ్య అంతస్తుల్లో లిఫ్టు దగ్గర ఒక్కొక్కరిని నిలబెట్టండి, ఎవరైనా తెలియక ఎక్కేస్తే కష్టం. మీరు ముందే మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్లి నిలబడండి. కింద బటన్ నొక్కి పక్కకి తప్పుకోమని బాబాయ్‌కి చెప్పండి.